అనంతగిరిలో పొదకప్ప కోసం రెండు సాయంత్రాలు

విజయవాడలో చెవుల డాక్టరు గారు పరీక్ష కాగితం నా ముందు పెట్టి అందులోని గీతను పెన్నుతో చూపించారు. ఆ గీత ఎడమవైపు బాగానే నడిచి, కుడివైపుకు వచ్చేసరికి గట్టు మీంచి కాలవలోకి దిగినట్టు జారిపోయింది. "లావు శబ్దాలకు ఇప్పట్లో ఇబ్బంది లేదమ్మా. సన్న శబ్దాలు పోతున్నాయి. మందులతో ఆగే రకం కాదు" అన్నారు. ముందుగా ఏవి పోతాయని అడిగాను. పిట్ట కూతలు, కుక్కర్ విజిల్, ఆడవాళ్ళ మాటలు, పిల్లల మాటలు అని చెప్పారు. గుడివాడ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, నాకిక మిగలని శబ్దాలు ఏమేం ఉంటాయా అని ఆలోచిస్తూ వచ్చాను. పామర్రు దాటుతుండగా ఎప్పుడో మర్చిపోయిన ఒక కప్ప గుర్తొచ్చింది.

నేను గుడివాడలో ఒక కాలేజీలో జువాలజీ చెబుతాను. విశాఖలో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో వానాకాలం ఒకసారి మమ్మల్ని అనంతగిరి కొండలకు తీసుకెళ్ళారు. కాఫీ తోటల మీద పొగమంచు దిగుతుంటే పొదల్లోంచి ఒక కూత వినిపించింది. గోటితో దువ్వెన పళ్ళు ఒక్కసారి గీకినట్టు "ట్రీక్" అని, దాని వెంటే రెండు గులకరాళ్ళు తట్టినట్టు "టిక్ టిక్ టిక్" అని. మేమంతా ఏదో పురుగనుకున్నాం. "పురుగు కాదు, పొదకప్ప. బొటనవేలి గోరంత ఉంటుంది. కొండల మీద తప్ప బతకదు, చెరువులోకి దిగదు" అన్నారు మా మేష్టారు. ఎంత వెతికినా కనిపించలేదు. చీకటి పడుతోందని బస్సెక్కించేశారు. తర్వాత ఇన్నేళ్ళలో ఎన్ని కప్పల గురించి పాఠాలు చెప్పానో, ఆ ఒక్కదాన్ని మాత్రం చూడలేదు. ఆ కూత ఇంకా నా చెవులకు అందే శబ్దమో కాదో తెలియదు. వెళ్తే ఈ వానాకాలమే వెళ్ళాలి.

మా వారికి బ్యాంకులో సెలవు దొరకలేదు. ఒక్కదాన్నే పంపడానికి ఒప్పుకోలేదు. "అక్కను తీసుకెళ్ళు. ఇంట్లో ఒక్కతే కూర్చుని ఏం చేస్తుంది?" అన్నారు. ఆయన అక్క రూతమ్మ వదినది కృత్తివెన్ను దగ్గర పల్లె. అన్నయ్యగారు పోయాక రెండు రొయ్యల చెరువులనూ ఆవిడే చూసుకుంటోంది. ఈ వేసవి పంటకు తెల్లమచ్చ రోగం తగిలి, అమ్మే సైజుకు, అంటే కౌంటుకు, రాకముందే రొయ్యలు గట్టు వారకు తేలిపోయాయి. దొరికినవి దొరికినట్టు అమ్మేసి, చెరువు ఎండగట్టి బ్లీచింగు చల్లించింది. ఆ సంగతి చెప్పడానికి పోయిన నెల నాకు ఫోన్ చేసింది. నేను పిలిస్తే రాదేమో అనుకున్నాను. "కప్పను చూడ్డానికి అంత దూరమా?" అని అడిగి, "సరే, వస్తాను. ఆ ఖాళీ చెరువు చూడలేకపోతున్నాను" అంది. నా చెవుల సంగతి ఆవిడకు చెప్పలేదు. కాలేజీలోనూ ఎవరికీ చెప్పలేదు.

మన వైపు నుంచి వెళ్ళాలనుకునే వాళ్ళకు దారి తేలికే. బందరు నుంచి గుడివాడ మీదుగా సాయంత్రం విశాఖకు రైలు ఉంది. వదిన బంటుమిల్లి మీదుగా బస్సులో గుడివాడ వచ్చింది. పులిహోర, పెరుగన్నం కట్టుకుని ఇద్దరం స్టేషన్లో కలిశాం. కైకలూరు, ఆకివీడు దాటేదాకా రెండు వైపులా చెరువులే. వదిన కిటికీలోంచి ఒక్కో చెరువునూ చూస్తూ "వీళ్ళది బాగుంది", "వీళ్ళదీ పోయినట్టుంది, నీళ్ళలో గాలి ఫ్యాన్లు తిరగట్లేదు" అంటూ వచ్చింది. నేను తల ఊపాను. రైలు చప్పుడులో ఆవిడ మాటల్లో సగమే నాకు అందాయి. మిగతా సగం పెదాలు చూసి అల్లుకున్నాను. చెవుడు వచ్చిన వాళ్ళకు లోకం నిశ్శబ్దంగా ఉంటుందనుకుంటారు. నాకు తెలిసింది అలసటే. పక్కనున్న మనిషి ఒక మాట అంటే, దాని ముక్కలు ఏరి అతికించేసరికి ఆవిడ ఇంకో మాటలోకి వెళ్ళిపోయి ఉంటుంది. భీమవరం రాకముందే నాకు తలనొప్పి మొదలైంది. నిద్రొస్తోందని చెప్పి కళ్ళు మూసుకున్నాను.

తెల్లవారకముందే విశాఖలో దిగాం. వెయిటింగ్ రూములో మొహాలు కడుక్కుని, ఇడ్లీ తిని, ఏడు గంటల ప్రాంతంలో బయల్దేరే కిరండోల్ పాసింజరు ఎక్కాం. టికెట్టు ఇద్దరికీ కలిపి యాభై రూపాయల లోపే. ఆదివారాలు వదిలేసి మామూలు రోజు వెళ్తే కూర్చోడానికి చోటు దొరుకుతుంది. కొత్తవలస దాటి కొంత దూరం వెళ్ళాక రైలు కొండెక్కడం మొదలుపెట్టింది. సొరంగాల్లోకి దూరినప్పుడల్లా పిల్లలు కేకలు పెట్టారని వదిన చెప్పింది. నాకు ఆ కేకలు వినబడలేదు. ఇంజను మోత మాత్రం కడుపులో దాకా వచ్చింది. అది పూర్తిగా, ఏమీ పోకుండా వినిపించింది. ఒక్కో సొరంగంలో నేను హాయిగా కూర్చున్నాను. అందులో ఎవరూ మాట్లాడరు, నేనేమీ అర్థం చేసుకోనక్కర్లేదు.

పది దాటాక బొర్రా గుహల స్టేషన్లో దిగాం. అందరూ గుహల వైపు నడిస్తే మేం అనంతగిరి వెళ్ళే జీపు కోసం చూశాం. షేరు జీపులో మనిషికి పది రూపాయలు. మనిషి పక్కన మనిషిని కుక్కి ఎక్కిస్తారు. డ్రైవరు అప్పారావు గారు లావు గొంతు మనిషి, ఆయన మాట నాకు బాగానే అందింది.

"ఏటమ్మా, గుహలు సూడరా? మరి ఏటి సూడ్డానికొచ్చారు?"

"కప్పను చూడాలండీ" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి నన్నొకసారి, రోడ్డునొకసారి చూశాడు. "కప్పా! మా ఇంటెనకాల గోతిలో బోల్డున్నాయమ్మా. రండి, సూపిత్తాను."

"గోతిలోవి మా ఊళ్ళోనూ ఉన్నాయి నాయనా. ఈ అమ్మాయికి పొదలోది కావాలంట" అంది వదిన. జీపంతా నవ్వారు. ఆ మాట చెరువు పోయినప్పటి నుంచి వదిన నోట వచ్చిన మొదటి వేళాకోళమేమో అనిపించింది.

కాఫీ తోటల పక్కన చిన్న లాడ్జిలో గది తీసుకున్నాం. రోజుకు మూడొందల యాభై. వేడినీళ్ళు బకెట్లో తెచ్చిస్తారు, దోమతెర అడిగితే ఇస్తారు. అడగండి, ఈ కొండల్లో మలేరియా ఎక్కువ. వంట చేసే సన్యాసమ్మ, ఏ పూటకేం కావాలో పూటకు ముందే చెప్పాలంది. మధ్యాహ్నం అన్నం, టమాటా పప్పు తిని కాస్త నడుం వాల్చేసరికి వాన మొదలైంది. వాన ఆగితే వెళ్దామని కూర్చున్నాం. ఆగలేదు. నాలుగున్నరకు గొడుగులు వేసుకుని బయల్దేరాం.

లాడ్జి వెనక నుంచి తోటలోకి కాలిబాట ఉంది. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకుని పాకిన మిరియాల తీగలు, కింద నడుమెత్తు కాఫీ మొక్కలు. తోట దాటాక బాట నిటారుగా ఎక్కి, ఒక చిన్న లోయ అంచుకు చేరుతుంది. అక్కడ తోట లేదు. పెద్ద చెట్లు, ఫెర్న్ మొక్కలు, లాంటానా పొదలు, కాలు పెడితే దిగబడే ఆకుల మెత్త. పొదకప్పకు కావలసింది ఇదే. వదిన మోకాళ్ళు పట్టుకుని రెండు చోట్ల కూర్చుంది. ఎర్రమన్ను చెప్పులకు పట్టుకుని ఒక్కో కాలు ఇటుకరాయంత బరువైంది.

లోయ అంచున నిలబడి, వదిన అటు తిరిగి ఉన్నప్పుడు, బ్యాగులోంచి వినికిడి యంత్రం తీసి చెవికి పెట్టుకున్నాను. డాక్టరు గారు ఇచ్చినప్పటి నుంచి అది డబ్బాలోనే ఉంది. పెట్టుకోగానే వానంతా నా తలలోకి వచ్చి పడింది. గొడుగు మీద పడే ప్రతి చుక్కా పెనం మీద ఆవాలు చిటపటలాడినట్టుంది. ఆకుల మోత, నా చీర గరగర, నా ఊపిరి అన్నీ ఒకే గట్టిదనంతో వచ్చాయి. ఆ హోరులో గోరంత కప్పను ఎక్కడ వెతకను? రెండు నిమిషాలు ఓర్చుకుని తీసేశాను. వాన ఇంకా పెరిగింది. నిండా తడిసి, చీకటి పడకముందే కిందికి దిగిపోయాం.

సన్యాసమ్మ అల్లం టీ ఇచ్చింది. పొయ్యి దగ్గర కూర్చోమని పీటలు వేసింది. ఆవిడది సన్న గొంతు. ఏదో అడిగింది. నాకు వరసగా పెదాల కదలిక మాత్రం కనబడింది. మొహమాటంగా నవ్వి, "చాలమ్మా, కడుపు నిండిపోయింది" అన్నాను.

సన్యాసమ్మ వదిన వైపు చూసింది. వదిన నా వైపు చూసింది. "రేపటికి కోడి కొయ్యమంటారా అని అడుగుతోంది" అని గట్టిగా చెప్పింది వదిన. సన్యాసమ్మ లోపలికి వెళ్ళాక తన పీట నా పక్కకు జరుపుకుంది.

"విమలా, నిజం చెప్పు. నీకు వినబడట్లేదు కదూ?"

అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు. "సగం వినబడుతోంది వదినా. సగం పోయింది."

"ఎప్పటి నుంచి?"

"రెండేళ్ళయింది. ఈ మధ్య ఎక్కువైంది. అందుకే ఈ కప్ప. దాని కూత ఇంకా వినబడుతుందేమో చూద్దామని."

ఆవిడ పొయ్యిలో కట్టెను లోపలికి నెట్టింది. తర్వాత నా గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుని, ఒక్కో మాటా విడివిడిగా అంది. "పోయిన నెల నేను ఫోన్ చేశాను. చెరువు పోయిందని ఏడ్చాను. నువ్వు 'మంచిదే వదినా, చాలా సంతోషం' అన్నావు. గుర్తుందా?"

ఆ రోజు ఫోన్లో ఆవిడ గొంతు గాలిలా వచ్చింది. 'చెరువు', 'మొత్తం', 'అమ్మేశాను' అనే ముక్కలు అందాయి. పంట అమ్మిందనుకున్నాను. అసలు సంగతి తర్వాత మా వారు చెప్పారు. ఫోన్లో నేనన్న మాట మాత్రం అప్పుడు గుర్తు రాలేదు.

"నాకు అర్థం కాలేదు వదినా. పంట చేతికొచ్చిందనుకున్నాను."

"ఇప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ నాకు ఆ మాటే చెవిలో మోగుతోంది. తమ్ముడి పెళ్ళాం నా చావు కోరుకుంటోందా అనుకున్నాను. రైల్లో కూడా, నేను మాట్లాడుతుంటే నువ్వు కళ్ళు మూసుకున్నావు. నాతో మాట్లాడ్డం ఇష్టం లేక అనుకున్నాను."

"మరి నాతో ఎందుకొచ్చారు?"

"మొహం మీదే అడిగేద్దామని వచ్చాను" అంది. ఆ మాటకు నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆవిడ కొంగుతో నా మొహం తుడిచింది. వాన నీళ్ళనుకుందో, కన్నీళ్ళనుకుందో. భోజనం ముందు చేసే ప్రార్థన ఆ పూట పొడుగ్గా చేసింది. నాకు వినబడాలని కాబోలు, పెద్దగా చేసింది.

మర్నాడు పొద్దున వాన తెరిపిచ్చింది. మబ్బు తోటలోకే దిగి కూర్చుంది, పది అడుగుల ఆవల ఏమీ కనబడలేదు. కాళ్ళు పచ్చి పుళ్ళలా ఉన్నా, పగలు ఒకసారి ఆ లోయ చూద్దామని వెళ్ళాం. పగలు కూయదేమో గానీ అది ఉండే చోటైనా చూడొచ్చు. వదిన ఇప్పుడు నాకు ఎదురుగా నిలబడి మాట్లాడుతోంది. నేను ఆవిడకు కప్ప గురించి చెప్పాను. మాట వరసకు వింటుందిలే అనుకున్నాను గానీ, ఆవిడ ప్రశ్న మీద ప్రశ్న వేసింది.

"చెరువులోకి దిగదంటే, మరి గుడ్లు ఎక్కడ పెడుతుంది?"

"ఈ ఆకుల కింద తడి మన్నులో. కొన్నే పెడుతుంది. తోకకప్ప దశ ఉండదు వదినా. పిల్ల ఆ గుడ్డులోనే కాళ్ళూ చేతులూ తెచ్చుకుని, చిన్న కప్పగానే బయటికొస్తుంది."

వదిన వంగి ఆకుల మెత్తను చూసింది, ముట్టుకోలేదు. "నీళ్ళు లేవు, మేత లేదు, రాత్రంతా ఫ్యాన్లు తిప్పే పని లేదు. హాయిగా పెంచుతోందన్నమాట."

"అంత హాయీ లేదు. ఈ తడి తగ్గితే గుడ్లు ఎండిపోతాయి. పైన చెట్లు కొట్టినా, కింద ఆకులు తగలబెట్టినా అయిపోయినట్టే. కొండ దిగి పక్క కొండకు పోవాలన్నా పోలేదు, మధ్యలో ఎండ. మన దివిసీమలో లంకలు లేవూ? చుట్టూ నీళ్ళు, మధ్యలో ఊరు. దీనికి చుట్టూ ఎండ, మధ్యలో ఈ కొండ."

"దానికీ తెల్లమచ్చ లాంటి రోగాలొస్తాయా?"

"కొన్ని దేశాల్లో కప్పలకు బూజు రోగం తగిలి మొత్తానికే పోయాయట."

"అయితే దాని గతీ మన గతే" అని వదిన ఒక రాయి మీద కూలబడింది. మొదటిసారి చెరువు గురించి మొత్తం చెప్పింది. పొద్దున్నే గట్టు మీదికి వెళ్తే కాకులు గుంపుగా వాలి ఉండటం, వల విసిరితే వచ్చిన రొయ్యల తలల మీద సున్నం చుక్కలు, తాను ఏడుస్తుంటే పక్క చెరువు వాళ్ళు ముందు తమ కాలవ తూము మూసుకోవడం. నా చెవుల సంగతి ముందే చెప్పి ఉంటే ఈ బాధ అందరితో పాటు అప్పుడే వినేదాన్ని. ఇప్పుడు ఆవిడ పెదాల మీంచి కళ్ళు తిప్పకుండా ఒక్కో మాటా చూసి విన్నాను. అంతసేపు అలా చూసేసరికి కళ్ళు మండాయి. అయినా ఒక్క మాట పోనివ్వలేదు.

సాయంత్రం ఐదున్నరకు మళ్ళీ ఎక్కాం. నిజానికి ఇద్దరికీ ఓపిక లేదు. మర్నాడు పొద్దున్నే తిరుగు ప్రయాణం కాబట్టి, ఇది కాకపోతే ఇక లేదు. వాన పడి ఆగింది. చెట్ల మీంచి చుక్కలు రాలుతున్నాయి. మసక వెలుతురులో లోయ అంచుకు చేరేసరికి వదిన ఉన్నట్టుండి ఆగి నా మణికట్టు పట్టుకుంది.

"ఏదో కూస్తోంది" అంది, నా వైపు తిరిగి. "దువ్వెన గీకినట్టు."

నాకు చుక్కలు రాలడం కూడా వినబడలేదు. వదిన కళ్ళు మూసుకుంది. ఆవిడ చెవులు మామూలు చెవులు కావు. రాత్రిళ్ళు చెరువులో నాలుగు గాలి ఫ్యాన్లు తిరుగుతుంటే, ఒకటి ఆగిపోతే నిద్రలోంచి లేచి కూర్చుంటుంది. రొయ్యకు గాలి అందకపోతే తెల్లారేసరికి ఏమీ మిగలదు కాబట్టి, ఏళ్ళ తరబడి ఆ చెవులు అలా తయారయ్యాయి. నన్ను చెయ్యి పట్టుకుని నడిపించింది. రెండడుగులు వేయడం, ఆగడం. మళ్ళీ రెండడుగులు. "మనం కదిలితే ఆపేస్తోంది" అని పెదాలతో చెప్పింది. తడి బండ మీద ఇద్దరం కూర్చున్నాం. చీర తడిసి నడుం దాకా చలి ఎక్కింది. ఎంతసేపు కూర్చున్నామో గానీ లోయ అవతలి చెట్లు మబ్బులో కలిసిపోయాయి.

వదిన నా మోచేతిని పొడిచి, ఎదురుగా ఉన్న లాంటానా పొద చూపించింది. టార్చికి రుమాలు చుట్టి, వెలుతురు ముందు నేల మీద వేసి, మెల్లగా పైకి తెచ్చాను. నడుమెత్తున ఒక ఆకు మీద ఉంది. నా బొటనవేలి గోరంతే. ఎండుటాకు రంగు, వీపు మీద ముదురు చార, వేళ్ళ చివర గుండు సూది తలంత గుండ్రటి బిళ్ళలు. నేను ఇన్నేళ్ళు బోర్డు మీద గీసిన ఏ కప్పా ఇంత చిన్నగా లేదు.

ముందు ఊరుకుంది. తర్వాత దాని గొంతు కింద చర్మం ఉబ్బింది. సబ్బు నురగ బుడగలా, దాని తలకంటే పెద్దగా, వెనకున్న ఆకు పచ్చదనం కనిపించేంత పల్చగా ఉబ్బి, వణికింది. నేను ఊపిరి బిగబట్టి విన్నాను. ఏమీ లేదు. వినికిడి యంత్రం తీసి పెట్టుకున్నాను. బుస్సుమనే హోరు, చుక్కల చిటపట, అంతే. బుడగ మళ్ళీ ఉబ్బింది, వణికింది. చేతికందేంత దూరంలో అది గొంతు చించుకుంటోంది. నా వరకు ఒక్క ముక్క రాలేదు. యంత్రం తీసి బ్యాగులో వేసుకున్నాను. ఆ నిమిషంలో నాకు దుఃఖం కంటే నీరసం ఎక్కువైంది. ఇంతదూరం వచ్చి తెలుసుకున్నది, డాక్టరు గారి కాగితంలో ముందే ఉన్న సంగతే కదా అనిపించింది.

వదిన నా మొహం చూసి ఉంటుంది. నా అరచెయ్యి తీసుకుని తన ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుంది. కప్ప గొంతు ఉబ్బగానే గోటితో నా అరచేతి మీద ఒక గీత గీకింది. వెంటనే వేలికొసతో తట్టింది. టిక్, టిక్, టిక్. ఆగింది. మళ్ళీ గీత. మళ్ళీ తట్టడం. బుడగ వణుకూ, ఆవిడ వేలూ ఒకేసారి కదిలాయి. ఎమ్మెస్సీ రోజుల్లో విన్న కూత అదే వరసలో నా చేతిలోకి వచ్చింది. ఒకసారి నాలుగు, ఒకసారి ఆరు, ఒకసారి గీత గీసి ఊరుకోవడం. ఇంకో పొదలోంచి మరోటి బదులిచ్చిందట, దాన్ని నా చిటికెనవేలి మీద తట్టింది. చీకటి పూర్తిగా పడేలోపు దిగాలని ఇద్దరికీ తెలుసు. అయినా ఆవిడ వేలు నొప్పెట్టే దాకా లేవలేదు.

దిగుతుంటే అడిగింది. "నీకు కాస్తయినా వినబడిందా?"

"లేదు వదినా."

ఆవిడ తల ఊపింది. జారే చోట ముందు తను దిగి నాకు చెయ్యి ఇచ్చింది. ఆ పూట సన్యాసమ్మ కోడికూర చేసింది, ఇద్దరం సగం తిని సగం వదిలేసి పడుకున్నాం. మర్నాడు బస్సులో విశాఖ దిగి, అక్కణ్ణుంచి రైల్లో గుడివాడ చేరాం. బస్సు చార్జీ రైలు కంటే ఎక్కువే అయినా, తిరుగు పాసింజరు కోసం సాయంత్రం దాకా కాచుకునే పని ఉండదు. దారి పొడుగునా నిద్రపోయాం.

తిరిగొచ్చిన వారంలో కాలేజీ తెరిచారు. మొదటి క్లాసులో పాఠం మొదలుపెట్టే ముందు, "నాకు సరిగ్గా వినబడదు. ప్రశ్న ఉంటే లేచి నిలబడి, నా వైపు చూసి, నిదానంగా అడగండి" అని చెప్పాను. అంతకంటే ఏమీ జరగలేదు. ఎవరూ నవ్వలేదు. ఒకమ్మాయి లేచి నిలబడి, నిదానంగా, నేను చెప్పింది తనకు అర్థం కాలేదంది. వదిన ఈ పంటకు రొయ్య వెయ్యడం లేదు. చెరువులు ఎండనిచ్చి, తర్వాత చూద్దామంటోంది. ఫోన్ చేయడం మానేసి, పని ఉన్నా లేకపోయినా బస్సెక్కి వచ్చేస్తోంది. వంటింట్లో నాకు ఎదురుగా పీట వేసుకుని మాట్లాడుతుంది. నా అలసట తగ్గిందని చెప్పను. ఎదుటి మనిషి పెదాలు చూసి బతకడం నాకింకా బరువే. సాయంత్రానికి తల దిమ్మెక్కిపోతుంది. ఆ కొండ మీద ఆ కప్ప ప్రతి వానకూ కూస్తుంది, నేను వినకపోయినా దాని జోడీ వింటుంది. దాని గొంతు వణకడం నేను చూశాను, దాని కూత ఎంత పొడుగో నా చేతికి తెలుసు. వెళ్ళినందుకు నాకు దక్కింది అదీ, మా వదినా.

వెళ్ళాలనుకునే వాళ్ళకు ఒక్క మాట: పొదకప్పను టార్చితో వెతకొద్దు, వెలుతురు పడితే మూగబోతుంది. వాన పడి ఆగిన సాయంత్రం, చీకటి పడటానికి గంట ముందు లోయ అంచుకు చేరి, టార్చి ఆర్పేసి కదలకుండా కూర్చోండి. కూత వచ్చిన దిక్కు ఖాయం చేసుకున్నాకే, గుడ్డ చుట్టిన వెలుతురును కింది నుంచి పైకి తీసుకెళ్ళండి. ఆకుల మెత్తను మాత్రం కాళ్ళతో కెలకకండి, పిల్లలు అందులోనే ఉంటాయి.